కొరియా భత్యం, మా ఊరి గుమ్మడికాయ

ఒక మంచి టీచరమ్మని ఊరినుంచి తరిమేయాలంటే ఏం చేయాల? తిట్టాల్సిన పని లేదు, పై ఆఫీసుకి అర్జీ పెట్టాల్సిన పని లేదు. టమాటాలు చాలు. నేను చేసి చూసినాను కాబట్టి చెప్తాండాను. టమాటాలు, బీన్స్, కొత్తిమీర, రాగిపిండి, ఒక నాటుకోడి, చివరికి మనిషి ఎత్తలేని గుమ్మడికాయ. ఇవన్నీ ప్రేమతో, గౌరవంతో, వారం తప్పకుండా ఇచ్చి ఒక టీచరమ్మ చేత ట్రాన్స్‌ఫర్ ఫారం నింపించిన ఘనుణ్ణి నేను. అప్పుడు నాకు డెబ్బై ఒకటి. ఆ వయసులో రక్తం ఉడుకుమీద ఉంటుంది, ఎవరి మాటా చెవికెక్కదు. ఇప్పుడు డెబ్బై అయిదు, కొంచెం బుద్ధొచ్చింది.

మా ఊరు ఉద్దనపల్లి రోడ్డు దిగి నాలుగు మైళ్ళు లోపలికి. బస్సు రోజుకి మూడుసార్లు వస్తుంది, అదీ డ్రైవరుకి బుద్ధి పుడితే. బడి ఉంది, ఎనిమిదో తరగతి దాకా. నేను చదివింది మూడో తరగతి. తక్కిన చదువంతా ఎరువు సంచుల మీద, పొట్లం కట్టిన పేపర్ల మీద, అట్టలూడిపోయిన ఒక నిఘంటువు మీద చదువుకున్నాను. అందుకే నన్ను బడి కమిటీలో వేసినారు. అందుకే అనొచ్చా అని మా ఇంటామె నాగమ్మ అడుగుతుంది. ఆమెకి వేరే పని లేదు.

ఆ బడికి ఇంగ్లీషు టీచర్లు ఎంతమంది వచ్చిపోయినారో రిజిస్టరులో లేకపోవచ్చు, నా తలలో ఉంది. మొదట వచ్చినాయన మామిడికాయల కాలంలో చేరి, మామిడిపళ్ళ కాలానికి పోయినాడు. ఇంకొకాయనకి మా ఊరి నీళ్ళు పడలేదు. ఒకామె కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే హోసూరుకి ఆర్డరు తెచ్చుకుంది. అందరూ హోసూరికే. ఎందుకు పోరు? ఇంటి అద్దె భత్యమని ఒకటుంది, అది పట్నంలో ఎక్కువ, పల్లెలో తక్కువ అని ఆ టీచర్లే నాకు చెప్పినారు. ఏమప్పా ఈ న్యాయం? ఫ్యాను కింద, కాఫీ హోటలు పక్కన పాఠం చెప్పేవాళ్ళకి ఎక్కువ. దుమ్ములో, ఎండలో, మూడు బస్సుల ఊరికి వచ్చేవాళ్ళకి తక్కువ! నలభై ఏళ్ళుగా నాకు దీనిమీద కోపం. ఆ కోపంతో ఎన్ని అర్జీలు రాసినానో! ఒక్కదానికీ జవాబు లేదు.

అట్లాంటప్పుడు వసంత టీచరమ్మ వచ్చింది. కృష్ణగిరి పిల్ల, హోసూరులో బాడుగకుండి రోజూ బస్సులో వచ్చిపోయేది. రెండు నెలల్లో మా పిల్లలు దారిలో కనిపిస్తే ఇంగ్లీషులో పలకరించడం మొదలుపెట్టినారు. బర్రెలు కాసే మునెప్ప కూతురు నన్ను ఆపి, "తాతా, హౌ ఆర్ యు?" అంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగినాయి. జవాబు తెలియకపోవడం వల్ల కూడా కొంచెం. ఈమె పోకూడదు అనుకున్నాను. మేలో ట్రాన్స్‌ఫర్ల కౌన్సెలింగ్ వస్తుంది. ఆలోపు ఏదో ఒకటి చేయాల.

సరిగ్గా ఆ వారమే కొరియానుంచి నా మనవరాలు రూప ఫోన్ చేసింది. రూప బి.ఎడ్ చేసి, ఆడ ఒక సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తుంది. చుట్టూ వరిమళ్ళు, వెనక కొండ, ఊరికి ఒకటే బస్సు.

"అంత మారుమూల ఎందుకమ్మా పడేసినారు నిన్ను?" అన్నాను.

"పడేయడం కాదు తాతా. పల్లెబడికి పోతే జీతం మీద నెలనెలా ఇంకొంచెం ఇస్తారు. పల్లె భత్యం."

నేను మంచం మీదనుంచి లేచి నిలబడినాను. "మళ్ళీ చెప్పు."

"పల్లె భత్యం. నాలాగా బయటి దేశంనుంచి వచ్చిన టీచర్లంతా సియోల్ కావాల, పెద్ద పట్నం కావాల అంటారు గదా. పల్లెకి ఎవరూ రారు. అందుకని ఇస్తారు. కొన్ని జిల్లాల్లో ఊరు ఎంత లోపలుంటే అంత ఎక్కువ. నేను వారంలో రెండురోజులు ఇంకో చిన్న బడికి కూడా పోతాను, దానికి వేరే ఇస్తారు."

"పల్లెకి ఎక్కువా? పట్నానికి తక్కువా?"

"అవును తాతా."

"చూసినావా నాగమ్మా! దేశమంటే అది!" అని అరిచినాను. "ఆ భత్యం ఇస్తే టీచర్లు నిలబడతారా రూపా?"

"నిలబడతారనే ఇస్తారు. కానీ తాతా..."

ఆ 'కానీ' దగ్గర నేను ఫోన్ పెట్టేసినాను. చదివేవాళ్ళు ఈడ ఒక్క క్షణం ఆగండి. ఆ 'కానీ' తర్వాత ఏముందో వినడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మరుసటి రోజే కమిటీని కూర్చోబెట్టి కొరియా గురించి గంటసేపు చెప్పినాను. కొరియా యాడుందో వాళ్ళకి తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు, కాబట్టి ఇబ్బంది రాలేదు. సర్కారు టీచరుకి మనం డబ్బులివ్వకూడదని హెడ్మాస్టర్ తల పట్టుకున్నాడు. "డబ్బెవరిస్తారు సార్? పండింది ఇస్తాం" అన్నాను. ప్రతి సోమవారం ఊరి తరఫున పల్లె భత్యం. రోడ్డు దగ్గరి ఇళ్ళవాళ్ళు తేలికవి, కొత్తిమీర, మిరపకాయలు. గుట్ట దగ్గరి ఇళ్ళవాళ్ళు బరువైనవి. ఎంత లోపలయితే అంత ఎక్కువ. కొరియా పద్ధతి.

ఇంటికొచ్చి చెప్తే నాగమ్మ రాగులు చెరుగుతూ ఒకటే మాట అడిగింది. "ఆ పిల్లకి ఏం కావాలో అడిగినావా?"

"భత్యం అడిగి ఇచ్చేది కాదు నాగమ్మా. అది విధానం."

"సరే. విధానాన్ని బస్సులో మోసేదెవరు?"

విధానాలు రూపొందించేవాళ్ళు ఇట్లాంటి చిల్లర ప్రశ్నలకి జవాబు చెప్పరు.

మొదటి సోమవారం రెండు సంచులు ఇచ్చినాము. టీచరమ్మ చేతులు జోడించి, "ఎందుకు తాతా ఇవన్నీ?" అంది. "మీ హక్కు తల్లీ!" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి విధానం గెలిచిందనుకున్నాను.

కానీ నెల తిరిగేసరికి చూస్తే ఆమె ముఖం మధ్యాహ్నానికల్లా వాడిపోయిన వంకాయలాగా ఉంటాంది. పెదవులు ఎండిపోయి, గొంతు పోయి, సాయంత్రం బస్సు దగ్గర నిలబడలేక నిలబడేది. నేను కమిటీలో ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చినాను. భత్యం చాల్లేదు!

పెంచినాము. టమాటాలు బుట్టనుంచి క్రేటుకి పోయినాయి. రాగిపిండి చేరింది. ముఖం ఇంకా వాడింది. ఇంకా పెంచినాము. మునెప్ప ఒక నాటుకోడి ఇచ్చినాడు. ఆ కోడిని సాయంత్రందాకా తరగతిలోనే కట్టేసినారు. ఆ రోజు మొత్తం పాఠం కదలకుండా విన్నది అదొక్కటే. బస్సెక్కినాక తాడు తెంచుకుని కండక్టరు టికెట్ల సంచిలో దూరింది.

ఆ కండక్టరు మాదప్ప నన్ను చూసి బస్సు ఆపి మరీ అడిగినాడు. "ఏమప్పా పెద్దాయనా, ఆ టీచరమ్మ మీ ఊరికి పాఠం చెప్పను వస్తాందా, సంత చేయను వస్తాందా?"

"ఏం, ఏమయింది?"

"హోసూరు స్టాండులో దిగితే బీన్స్ ఎంతకిస్తావమ్మా అని జనం చుట్టూ మూగుతాండారు. ఆమె నేను టీచర్ని అంటే, టీచరయితే బేరం లేకుండా ఒకటే రేటు చెప్పమ్మా అంటాండారు!"

"మర్యాద పెరిగింది, దానికి నీకెందుకు కడుపుమంట?" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. ఇప్పుడు రాస్తాంటే చెవులు కాలుతాండాయి.

ఫిబ్రవరి చివర్లో ఒక సోమవారం గుట్టకింది ఇంటినుంచి గుమ్మడికాయ వచ్చింది. ఆ ఇంటాయనా నేనూ ఇద్దరం పట్టుకుని స్టాఫ్ రూములో పెట్టినాము. గదిలో ఇంకో టీచరు చేరినట్టే ఉండింది. వసంత టీచరమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ట్రాన్స్‌ఫర్ ఫారం. నింపేసింది. సంతకం ఒక్కటే తక్కువ.

గుమ్మడికాయని పట్టుకుని నిలబడినాను. "ఏం తక్కువ చేసినాము తల్లీ? చెప్పు, ఇంకా పెంచుతాము."

"వద్దు తాతా!" అని ఆమె దాదాపు అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీరు పెద్దవాళ్ళు, వద్దంటే బాధపడతారని మోసినాను. నేనుండే వీధిలో అందరికీ పంచుతాను. ఇప్పుడు ఇంటి ఓనరమ్మ పైవారానికి ఏం కావాలో చీటీ రాసి ఇస్తాంది. అది కాదు తాతా నా కష్టం."

"మరేమిటి?"

ఆమె కిటికీ వైపు చూసింది. "జూన్‌లో మీకొకటి చెప్పినాను. గుర్తుందా?"

నా జ్ఞాపకశక్తిని ఎవరూ ప్రశ్నించరు. నలభై ఏళ్ళనాటి టీచరు ఏ రంగు గొడుగు తెచ్చినాడో చెప్తాను. కానీ జూన్‌లో ఆమె చెప్పింది గుర్తు రాలేదు. జేబులోంచి నోటుపుస్తకం తీసి పేజీలు తిప్పినాను. ఉంది. నా చేతిరాతే. 'ఆడవాళ్ళ బాత్రూం తలుపుకి లోపల గడియ లేదు. టీచరమ్మ చెప్పింది. చూడాల.' కింద రెండు గీతలు కూడా గీసినాను. రాసుకుంటే సగం పని అయిపోయినట్టే అని నా నమ్మకం. మిగతా సగం తొమ్మిది నెలలుగా ఆ పేజీలోనే పడుకుని ఉంది.

"పొద్దున ఇంట్లో బయల్దేరినప్పటినుంచి మళ్ళీ ఇల్లు చేరేదాకా నేను నీళ్ళు తాగను తాతా," అంది. "ఆడపిల్లలూ తాగరు. అడిగి చూడండి."

బల్ల మీద ఆమె నీళ్ళ బాటిల్ ఉంది. మూత దాకా నిండుగా. ఏడు నెలలుగా నేను ఆ బాటిల్ పక్కనే టమాటాలు పెట్టి పోతాండాను.

ఆ రోజు సాయంత్రం రూపకి నేనే ఫోన్ చేసినాను. "ఆ పొద్దు 'కానీ' అన్నావు గదమ్మా. దాని తర్వాత ఏమిటి?"

పాపం, ఏ 'కానీ'యో ఆ పిల్లకి గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. "ఓ, అదా! భత్యం చూసి వస్తారు తాతా, కానీ దానికోసం నిలబడరు. నాతోబాటు వచ్చినామెకి కూడా ఇదే భత్యం. ఏడాది కాగానే పోయింది. నేను వచ్చిన మొదటి వారం నా గదిలో హీటరు వెలగలేదు. బడిలో చెప్పినాను. సాయంత్రానికి మా హెడ్మాస్టరే మనిషిని వెంటబెట్టుకొచ్చి, బాగయ్యేదాకా గుమ్మంలో నిలబడినాడు. తర్వాత పట్నంలో ఖాళీ ఉందన్నా నేను పోలేదు."

ఈసారి ఫోన్ నేను పెట్టలేదు, ఆమే పెట్టింది.

మరుసటి రోజు ఉద్దనపల్లికి పోయి గడియ కొన్నాను. "వడ్రంగిని పిలువు" అంది నాగమ్మ. వింటానా? తొమ్మిది నెలల తప్పుని ఇంకొకడి చేత్తో దిద్దుకుంటానా? వడ్రంగం గురించి కూడా నేను ఒక పొట్లం కాగితంలో చదివినాను. స్క్రూడ్రైవరు తీసుకుని, పిల్లలు తరగతిలో ఉన్న సమయం చూసి పోయి, బలమంతా పెట్టి బిగించినాను. అటూ ఇటూ రెండుసార్లు చూసుకుని, లోపలికి పోయి తలుపేసి, గడియ తోసి పరీక్షించినాను.

భేషుగ్గా పడింది. మళ్ళీ రాలేదు.

లాగినాను. తోసినాను. బతిమాలినాను. ఏనుగు తొక్కినా కదిలే గడియ కాదది. చివరికి తలుపు కొట్టినాను. మెల్లగా, మర్యాదగా. తర్వాత అంత మర్యాద లేకుండా.

బయట అడుగుల చప్పుడు. వసంత టీచరమ్మ గొంతు. "ఎవరు లోపల?"

ఆడవాళ్ళ బాత్రూంలోంచి డెబ్బై ఒక్కేళ్ళ కమిటీ మెంబరు ఏమని చెప్పాల మీరే చెప్పండి. "నేనేనమ్మా," అన్నాను.

"తాతా?"

"గడియ పెట్టినాను తల్లీ. బాగా పెట్టినాను. తెరువు."

వెనకాల కిచకిచలు. ఎనిమిదో తరగతి మొత్తం వచ్చేసింది. టీచరమ్మ చాలా గంభీరంగా అంది. "తాతా, ఇది ఇంగ్లీషు పీరియడ్. తెలుగులో మాట్లాడకూడదు."

"ఓపెన్ ది డోర్!"

"ప్లీజ్?"

"ప్లీజ్... ఓపెన్ ది డోర్!"

"క్లాస్, రిపీట్!"

"ప్లీజ్ ఓపెన్ ది డోర్!" అని నలభై గొంతులు. అందులో మునెప్ప కూతురి గొంతు అన్నిటికన్నా పైన. అంత స్పష్టంగా, అంత సంతోషంగా మా ఊరి పిల్లలు ఇంగ్లీషు పలకగా నేను ఎన్నడూ వినలేదు. లోపల చెమటలు కారుతాండినా గర్వపడినాను.

హెడ్మాస్టర్ బందులు ఊడదీసి తలుపుతోసహా నన్ను బయటికి తీసినాడు. టీచరమ్మ గడియని వేలితో తట్టి చూసింది. "గట్టిగా ఉంది తాతా," అంది. తర్వాత చేతిలోని బాటిల్ మూత తీసి, అందరి ముందర, గటగటా సగం నీళ్ళు తాగింది. అది చూసి ఆడపిల్లలు కుళాయి దగ్గరికి పరుగెత్తినారు.

"మరి ఆ ఫారం?" అన్నాను, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"లోపలనుంచి తెరుచుకునే గడియ వచ్చినాక మాట్లాడదాం తాతా."

ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి సరిచేసినాడు. ఆ ఫారం సంతకం లేకుండానే చినిగింది. ఇది జరిగి నాలుగేళ్ళు. ఆమె ఇంకా ఈ ఊరి బస్సే ఎక్కుతాంది, ఖాళీ చేతులతో. రేపు పోవాలనుకుంటే పోతుంది, అది ఆమె ఇష్టం. పట్నానికి ఎక్కువ, పల్లెకి తక్కువ ఇచ్చే సర్కారు మీద నా కోపం మాత్రం అట్లే ఉంది. అర్జీలు రాస్తూనే ఉండాను. కాకపోతే ఇప్పుడు అర్జీలో భత్యం రెండో మాట, గడియ మొదటి మాట.

నేను దారిలో కనిపిస్తే మా పిల్లలు ఇప్పుడు హౌ ఆర్ యు అనరు. ఎంత దూరంలో ఉన్నా చేతులెత్తి, "ప్లీజ్ ఓపెన్ ది డోర్!" అంటారు. నేను కూడా చెయ్యెత్తి జవాబిస్తాను.

కాబట్టి అట్టలూడిన నా నిఘంటువు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాండాను: ఎవరైనా 'కానీ' అంటే అది ముగిసేదాకా ఫోన్ పెట్టను. ఏ టీచరమ్మకీ అడక్కుండా ఒక్క టమాటా కూడా ఇవ్వను. వడ్రంగి లేకుండా ఏ తలుపు జోలికీ పోను. ఇక ఆ గుమ్మడికాయంటారా, దాన్ని రెండు చెక్కలు చేసి నేనే ఇంటికి మోసుకొచ్చినాను. నాగమ్మ పదిహేను రోజులు అదే కూర వండింది, ఒక్క పూట కూడా నన్ను అడక్కుండా.