ఖాళీ బ్రాకెట్లు

ఆఫీసులో అందరూ ఆవిడను వెనకాల సణుగుడక్కయ్య అంటారు, ఎదురుగా అక్కా అంటారు. రోగులకు మందు ఎక్కించే పంపులకు ప్రోగ్రాం రాసే జట్టులో ఇరవై ఏళ్లుగా ఉంది. ఆ ఇరవై ఏళ్లూ సణుగుతూనే ఉంది.

ఈ వారం సణుగుడుకు కారణం నాలుగు వందల పన్నెండు వార్నింగులు. ప్రోగ్రాంలో ఒక్కో లెక్క చేసే ముక్కను ఫంక్షన్ అంటారు; ఏ ఫంక్షన్ ఎలాంటి విలువలు తీసుకుంటుందో, ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలరుకు ముందే చెప్పే లైనును ప్రోటోటైపు అంటారు. దీనికి లేదు, దానికి లేదు అని కంపైలరు తెర నిండా మొత్తుకుంటోంది. ఆవిడ ఒక్కో ఫంక్షనూ తెరిచి, చదివి, ఆ లైను రాస్తోంది. మూడు రోజులకు మెడ పట్టేసింది. ఇంట్లో భర్త "ఇంకా ఎన్ని మిగిలాయి?" అని అడిగితే కసురుకుంది.

చంటిపిల్లల కోసం చేసిన కొత్త పంపు శుక్రవారం ఆసుపత్రులకు వెళ్లాలి. గురువారం మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"అక్కా, టెస్టులన్నీ పాసయ్యాయి కదా. ఆ వార్నింగులు కనపడకుండా ఆపేస్తే పోదా?"

"ఆపితే కంపైలరు నోరు మూసుకుంటుంది. తప్పు పోతుందా?"

"రేపు బండి బయల్దేరాలి."

"తెలుసు. నా ప్రాణం తియ్యకుండా వెళ్లు."

తర్వాతి ఫైలు పెద్దవాళ్ల పంపు నుంచి తెచ్చినది. అందులో మోతాదు లెక్కించే ఫంక్షన్‌కు ఆ లైను ఉంది గానీ, విలువల రకం రాయాల్సిన బ్రాకెట్లు ఖాళీ. ఎవరో మొక్కుబడిగా పెట్టి చేతులు దులుపుకున్నారు. "ఏ మహానుభావుడో" అని తిట్టుకుంటూ ఆ ఫంక్షన్‌ను పిలిచే చోట్లన్నీ చూసింది. చంటిపిల్లల కోసం కొత్తగా రాసిన ఒక్కచోట ఆగింది. మధ్యలో బిడ్డ బరువు మారిస్తే, దశాంశం అందాల్సిన ఫంక్షన్‌కు పూర్ణసంఖ్య వెళ్తోంది. బ్రాకెట్లు నిండి ఉంటే కంపైలరే దాన్ని దశాంశంగా మార్చి ఇచ్చేది. ఖాళీ కాబట్టి ఉన్నదున్నట్టు పంపేస్తోంది, ఫంక్షన్ ఏదో చెత్త అంకె చదువుకుంటోంది. మధ్యలో బరువు మార్చి చూసే టెస్టు ఎవరూ రాయలేదు.

బల్ల మీది పంపులో బరువు మార్చి చూసింది. మోతాదు ఉండాల్సిన దానికి నలభై రెట్లు చూపించింది.

ఆ ఖాళీ బ్రాకెట్లు ఎవరివో పాత రికార్డులో వెతికింది. ఆరేళ్ల కిందట తను రాసినవే. ఇక ఎవరిని తిట్టాలో తెలియక అలాగే కూర్చుండిపోయింది.

మేనేజరును పిలిచి చూపించింది. అతను తనూ ఒకసారి బరువు మార్చి చూశాడు.

"ఎవరు రాశారక్కా ఇది?"

"నేనే. ఆ వేళ కూడా బండి బయల్దేరాలన్నారు."

అతను ఫోను తీసి, రేపు బండి వద్దన్నాడు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఇంకా ఎన్ని మిగిలాయి?"

ఈసారి ఆవిడ కసురుకోలేదు. "నూట ఎనభై," అంది. "సగం నువ్వు చదువు."