చెంగల్రాయప్ప సినిమాల పెట్టె

మదనపల్లెలో సైన్సు అయ్యవారుగా రిటైరైన చెంగల్రాయప్పకు తెలియని విద్య లేదు. ఆ మాట ఊరు అన్నది కాదు, ఆయనే అనుకున్నది. 2009లో సినిమాలన్నీ దాచుకునే నెట్‌వర్క్ పెట్టె ఒకటి కొని, లోపలి గదిలో పెట్టి, హాల్లో టీవీకి కలిపాడు. రెండో రోజే టీవీలో పెట్టెలోని సినిమాలు కనబడలేదు. రూటరును తిట్టాడు, కేబుల్ మార్చాడు, పుంగనూరు నుంచి మెకానిక్కును రప్పించి అతనికే గంటసేపు పాఠం చెప్పాడు.

మెకానిక్కు ఓపిగ్గా విని, లోపలి గదిలోకి పోయి వచ్చాడు.

"సార్, ఆడ పెట్టెకు స్విచ్చే ఆపేసుండారు."

"ఆపింది నేనేనప్పా! మనిషి లేని గదిలో కరెంటు యాల దండగ?"

భార్య రెడ్డెమ్మ రిమోటు అందుకుంది.

"అయితే మీరు పోయి ఆ గదిలో కూసోండి. సినిమా మేం సూస్తాం."