నీళ్ళు పోసి తవ్విన రాయి

పోయిన వారం, మదనపల్లెలో మేము కట్టుకుంటున్న ఇంటికి వంటగది బండ వేయడానికి మేస్త్రీ వచ్చాడు. కటింగ్ మిషన్‌ను గ్రానైట్ పలక మీద ఆనించగానే తెల్లటి దుమ్ము గుప్పున లేచి గదంతా నిండింది. నేను ఏమీ ఆలోచించకుండా బకెట్లో మగ్గు ముంచి రాతి మీద నీళ్ళు పోశాను. దుమ్ము అణిగి, వేడెక్కిన రాయి తడిసినప్పుడు వచ్చే వాసన ముక్కుకు తగిలింది. మా నాగప్ప మామ గుర్తొచ్చాడు. నీళ్ళు పోస్తే పని నిదానమవుతుందని మేస్త్రీ విసుక్కున్నాడు. చిన్నప్పుడు మామతో నేనూ అదే మాట అనేదాన్ని.

నాగప్ప మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. గుడుపల్లె దగ్గర పల్లె వాళ్ళది. కుప్పం పక్కన రాళ్ళ క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టే పని చేసేవాడు. మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. గంగజాతర వచ్చిందంటే మామ బస్సు దిగి, ఒక చేతిలో బొరుగుల పొట్లం, ఇంకో చేతిలో మైసూరుపాకు డబ్బా పట్టుకుని వీధి మలుపులో కనబడేవాడు. తలంటు పోసుకుని వచ్చినా కనురెప్పల వెంట్రుకల్లో తెల్లటి పొడి మిగిలే ఉండేది. పిండి మిల్లులో పని చేసొచ్చినావా అని అమ్మ ఎగతాళి చేసేది, మామ నవ్వేవాడు, నవ్వితే దగ్గొచ్చేది, ఆ దగ్గును ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు.

నేను ఆరో తరగతి అయిపోయిన ఎండాకాలంలో మామ జాతరకు కాదు, ఉండటానికే వచ్చాడు. వారానికోసారి అమ్మ మామను బస్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయేది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని, ఇక బరువు పనులు వద్దని అన్నారట. వసారాలో నులక మంచం వేశాం. పొద్దున పాల క్యాన్ల చప్పుడు, పదకొండుకల్లా నేల కాలే ఎండ, మధ్యాహ్నం వేడి వేడి రాగిసంగటిలోకి శెనక్కాయల ఊరుబిండి, ఆపైన ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు, సాయంత్రమైతే వాకిట్లో చల్లిన నీళ్ళ చల్లదనం, వీటన్నిటి మధ్యా మామ గోడకు ఆనుకుని కూర్చుని, గాలిని కొద్దికొద్దిగా లోపలికి తీసుకుంటూ వీధిలోకి చూస్తుండేవాడు.

ఆ సెలవుల్లో నాకు అమ్మ ఫోన్లో ఒకటే ఆట. ఆ లోకంలో చెట్టూ కొండా ఆవూ అన్నీ చదరపు దిమ్మెలే. చేతులతో చెట్టు కొట్టి, ఆ కట్టెతో పికాసు చేసుకోవాలి. దాంతో రాయి కొట్టి రాతి పికాసు, ఆపైన బొగ్గు, ఇనుము తవ్వి, కొలిమిలో కరిగించి ఇనప పికాసు, అది చేతిలో ఉంటే ఇంకా లోతుకు దిగి వజ్రాలు వెతకొచ్చు. మామ ఒకరోజు నా భుజం మీదుగా చూసి, ఇదేదో మా పనే మాదిరి ఉండాదే అన్నాడు. మర్నాటికల్లా తన ఫోన్లో కూడా ఎక్కించి, ఇద్దరం ఒకే లోకంలోకి పోయేలా కలిపాను.

మామ మొదటి రోజే నీళ్ళు యాడుండాయని అడిగాడు. ఇనుముతో బకెట్టు చేసిచ్చాను. ఇక సొరంగంలో ఎక్కడ తవ్వాలన్నా ముందు ఆ బకెట్టు కుమ్మరించడమే. నీళ్ళు మోకాళ్ళ దాకా పారేవి, దీపాలు కొట్టుకుపోయేవి, నీళ్ళలో నిలబడి కొడితే రాయి ఎంతకీ పగిలేది కాదు. నేను నెత్తి కొట్టుకునేదాన్ని. పోనీలే పాపా, మనల్నెవురన్నా తరుముకొస్తాండారా అనేవాడు. ఒకసారి మాత్రం గోడ వెనక నుంచి లావా పొంగుకొచ్చి, మామ నీళ్ళు తగిలి నల్లరాయిగా గడ్డకట్టింది. ఆ రోజంతా మామకు పట్టపగ్గాల్లేవు. పల్లెలో ఉన్న వాళ్ళమ్మకు, మా అవ్వకు, ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ ఆటలో ఎర్ర చుక్కల గ్రానైట్ తెగ దొరుకుతుంది. పెద్దగా పనికిరాదని, సంచి నిండిపోతుందని అందరూ పారేస్తారు. నేను పారేసినవన్నీ మామ ఏరుకునేవాడు. కొండ వాలులో వాటితోనే ఒక ఇల్లు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు గ్రానైట్ కొట్టిన మనిషి ఊళ్ళో ఉండేది రేకుల ఇంట్లో, గడపకు కూడా ఒక్క ముక్క లేదు. ఫోన్లో గోడలు లేస్తుంటే, ఇది వంటిల్లు, ఇది అవ్వ గది అని మెల్లగా చూపించేవాడు.

ఒకరోజు నాకు ఓపిక నశించింది. "మామా, ఈ ఆటలో దుమ్మే రాదు. నీళ్ళు యాల పోస్తాండావు?" అన్నాను.

మామ ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి అందేదాకా ఆగాడు.

"ఆడ క్వారీలో నీళ్ళు తెచ్చేదానికి ట్యాంకర్ కావల్ల పాపా. అంత సేపు ఎవురు ఆగుతారని పొడిగానే కొట్టేస్తిమి. ఇప్పుడు అలవాటు చేసుకుంటాండాను. మళ్ళా పనికి పోయినప్పుడు మరిచిపోకూడదు గదా."

వంటింట్లో పప్పు రుబ్బుతున్న అమ్మ చేయి ఆగిపోయింది. ఆమెకు డాక్టర్లు ఏం చెప్పారో మామకు తెలియదు. నాకూ తెలియదు. సరేలే మామా అని మళ్ళీ బకెట్టు నింపిచ్చాను.

బడులు తెరిచాక మామకు ఫోను పట్టుకునే సత్తువ కూడా పోయింది. నేను ఆడుతుంటే పక్కన పడుకుని, నీళ్ళు పోసినావా అని మాత్రం అడిగేవాడు. వినాయక చవితికి ముందే పోయాడు. ఆయన కట్టిన ఇంటికి పైకప్పు ఒక్కటే బాకీ. అది నేను వేశాను, గ్రానైట్‌తోనే. తర్వాతి ఏడు, ఆ లోకమంతా దాచి ఉన్న అమ్మ ఫోను పాడైంది. పుంగనూరు బస్టాండు దగ్గర అంగడతను తిప్పి చూసి, లోపలున్నదేదీ రాదన్నాడు. అవ్వ గది, వంటిల్లు, కొండ వాలు అన్నీ దాంతోనే పోయాయి. ఆ రోజు నేను మామ పోయిన రోజుకంటే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు అవ్వ లేదు, నులక మంచం లేదు, మామ పని చేసిన గుంతలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయని అటు పోయినవాళ్ళు చెబుతారు. మేస్త్రీ మళ్ళీ మిషన్ ఎత్తాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని తువ్వాలు ఇచ్చి, పని నిదానమైనా పరవాలేదని చెప్పి, బండ కోత అయ్యేదాకా పక్కనే కూర్చుని నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మామ మళ్ళీ పనికి పోలేదు. ఆ అలవాటు నాకు వచ్చింది.