అనపకాయల జిడ్డు, పెళ్ళిచీర మీద నా వేళ్ళు

మా చిన్నప్పుడు, చలికాలం పొద్దున ధర్మవరం పోయే మొదటి బస్సులో మా అమ్మ గంప దించిందంటే... బస్సంతా అనపకాయల వాసనే!

"లచ్చుమక్కా, నీ గంపకు గూడా టికెట్టు కొట్టాల" అనేవాడు కండక్టరు.

"కొట్టప్పా. దానికి సీటు గూడా ఇయ్యి, నేను నిలబడతా" అనేది అమ్మ.

చిక్కుడు లాంటి ఆ కాయకు మంచు పడితేనే ఆ వాసన. ఎండ ఎక్కకముందే కోయాలి, ఆ పూటే అమ్మాలి. మధ్యాహ్నానికి వాడిపోయిన కాయను ఎవరూ ముట్టరు. ఒక ఏడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. నాయన బెంగుళూరుకు కూలికి వెళ్ళాడు. చేనులో నడుమ సాళ్ళకు వేసిన అనపచెట్లే మాకు మిగిలాయి. మార్కెట్లో దళారి గంపను కాలితో తోసి రేటు చెబుతాడని అమ్మ అటు పోయేది కాదు. నేరుగా నేతగాళ్ళ వీధికే... గడప గడపకూ తిరిగేది.

ఆ వీధి ఆడవాళ్ళు కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే గానీ కొనరు.

"నిన్నటి కాయలు మాదిరుండాయే, లచ్చుమక్కా?"

"నీకు జలుబు చేసిండాది, చూసుకో తల్లీ."

బేరాలన్నీ ఇలాగే నవ్వులతో తెగేవి. నా పని సంచి మోయడం, కాయలు తీసి ఇవ్వడం. కానీ నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు... ఇప్పటికీ నిలవదు, కావాలంటే మా ఆవిడను అడగండి.

ఒకరోజు నాగన్న ఇంటి దగ్గర అమ్మ బేరంలో ఉంది. ఆ వీధిలో నాగన్నను మించిన నేతగాడు లేడు. ఆయన నీళ్ళు తాగడానికి పెరట్లోకి వెళ్ళాడు. మగ్గం మీద మీగడ రంగు పెళ్ళిచీర, సగం నేసి ఉంది. పోగును అటూ ఇటూ మోసే నాడె దాని పక్కనే ఉంది. నాకు బుద్ధి పుట్టింది... దాన్ని దాచేస్తే ఆయన వెతుక్కుంటాడు, మనం నవ్వుకోవచ్చు!

దూరంగా ఉంది కదా... ఒక చెయ్యి చీర మీద ఆనించి, ఇంకో చేత్తో అందుకున్నాను. సంచిలో కాయల కింద దాచేశాను.

నాగన్న వచ్చాడు. వెతికాడు. నేను నోరు మూసుకుని నవ్వుతున్నాను. అంతలో ఆయన చీర మీదికి వంగాడు. బట్టను ముక్కుకు దగ్గరగా తీసుకున్నాడు.

"ఇది అనపకాయ జిడ్డు. ఎవురు పెట్టినారురా చెయ్యి?"

నా నోట్లోంచి వచ్చిన మాట... "పిల్లి!"

"పిల్లికి నాలుగు వేళ్ళు ఇంత పొడుగుంటాయా? మీ ఊరి పిల్లి అనపకాయలు ఒలుస్తాదా?"

ఎవరూ నవ్వలేదు. అమ్మ పరుగున వచ్చి చూసింది. నా వీపు మీద ఒకటి పడింది. నాడె బయటికి తీసి ఇచ్చాను. నాగన్న అరవలేదు... అరిచినా బాగుండేది.

"పదైదు దినాల పని, లచ్చుమక్కా. ఈ చీర ఇంగ ఎవురూ తీసుకోరు. మా వీధికి కాయలు తేవాకు."

ఆయన భార్య సుబ్బమ్మ అప్పుడే కొన్న కాయలను మళ్ళీ గంపలో పోసేసింది. మిగతా తలుపులూ తెరుచుకోలేదు. నిండు గంపతోనే ఇల్లు చేరాం. సాయంత్రానికి ఆ కాయలు బర్రె ముందు పడ్డాయి.

మర్నాడు అమ్మ మంచులోనే మళ్ళీ కాయలు కోస్తోంది!

"యాడికి మా?"

"ఆడికే."

"తేవద్దన్నాడు గదా?"

"వాళ్ళ కోపం తగ్గేదాంక కాయ నిలబడతాదా?"

ఆ రోజు వీధిలోకి వెళ్ళలేదు. మొదట్లో ఉన్న బోరింగు దగ్గర గోనెపట్ట పరిచి, "ఒలువు" అంది. ఒలిచాను. గోళ్ళ సందులు నల్లబడ్డాయి, వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు చూసి, బిందెలు నింపుకుని వెళ్ళిపోతున్నారు. ఎండ పట్ట అంచు మీదికి వచ్చింది. అమ్మ గింజల మీద తడిగుడ్డ కప్పింది. నేను లేవబోతే "కూచో" అంది. నేను ఎండనూ వీధినీ మార్చి మార్చి చూస్తున్నాను... ఇంకాస్త ఆగితే ఇదీ బర్రెకే.

అప్పుడు సుబ్బమ్మ బిందెతో వచ్చింది. నిలబడింది.

"ఒలిచినవి అమ్ముతాండావా?"

"జిడ్డు మా చేతులకుండనీ, సుబ్బమ్మా. మగ్గం మీద కూచునే చేతులు మీవి. గింజలు తీస్కపోయి కూరాకు చేస్కోండి, చాలు."

సుబ్బమ్మ గుప్పెడు గింజలు తీసి వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది.

"వీడు మా గడప దాటకూడదు."

"దాటితే కాళ్ళిరగ్గొడతా."

సుబ్బమ్మ గింజలకు కొంగు పట్టింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు... ఎండ పూర్తిగా ఎక్కేలోగా పట్ట ఖాళీ అయింది!

ఆ చలికాలమంతా నేను బోరింగు దగ్గరే ఒలిచాను. ఆ చీర నాగన్న తన కూతురి పెళ్ళికే ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది. మరక కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టించారట.

ఇప్పుడు అదే చేనులో నేనూ అనప వేస్తున్నాను. ఫోన్లో ఫోటో పెడితే "ఒలిచినవి రెండు కిలోలు" అని మెసేజి వస్తుంది. అనంతపురం బస్సులో సంచి వేస్తాను. తర్వాత ఊరికే ఫోను చూసుకుంటూ తిరుగుతుంటాను... బాగున్నాయో లేదో! బొటనవేలి బొమ్మ ఒకటి వస్తుంది. కొన్నిసార్లు అదీ రాదు. నచ్చకపోతే ఇంకొకరి దగ్గర కొంటారు, ఎందుకు నచ్చలేదో నాకు తెలియదు.

మొహం మీదే "తేవాకు" అనేవాళ్ళు ఉంటే, మర్నాడు వెళ్ళి వాళ్ళ ఎదురుగానే కూర్చోవచ్చు. ఇప్పుడు యాడ కూచోవాలప్పా?

చేను నుంచి నేరుగా మీ గడపకు గంప తెచ్చిన మనిషి ఎవరో చెప్పండి... వాళ్ళతో మీరు పడిన జగడం కూడా దాచకుండా రాయండి!