అత్తమ్మ అర్ధగంట

పోయిన వారం బీపీ చూపించుకుందామని తాండూరు నుంచి రైల్ల వికారాబాద్ పోతే, మా బిడ్డ వయసున్న డాక్టరమ్మ గోలీలు రాసిచ్చి, రోజుకొక అర్ధగంట ఎవ్వరితోని మాట్లాడకుండ, ఏ ఫికర్ పెట్టుకోకుండ ఊకె కూర్చో అమ్మా, మనసు తేలికైతదని నవ్వుకుంట చెప్పింది. మంచి మాటే. తలూపిన గాని, గోలీల చీటీ ఒక్కటే తీసుకుని, ఆ మాటను ఆడనే ఇడిచిపెట్టి రైలెక్కిన.

ఆ అర్ధగంట సంగతి నాకు పెండ్లైన కొత్తల్నే ఎరుక. మా అత్తమ్మ నాపరాళ్లకు పాలిష్ పట్టేకాడ పనిచేసేది. పొద్దంత మిషన్ల మోత, నీళ్లల్ల నానిన కాళ్లు, మేస్త్రీ అదిలింపులు, మన కాలపోళ్లకు చెప్పేదేముంది! సాయంత్రం ఇంటికొచ్చి మొఖం కడుక్కుని, స్టీలు గ్లాసుల చాయ్ పట్టుకుని పెరట్ల గోడకు ఆనుకుని కూర్చునేది. గా అర్ధగంట కొంపలు మునిగినా నన్ను పిలవొద్దు అనేది. తర్వాత లేచిందంటే కొత్త మనిషే, పిల్లలను ముద్దు చేసేది, నాతోని పరాచికాలాడేది, పక్కింటి కన్నడామెతోని ఆమె భాషల్నే ముచ్చట పెట్టేది. అందుకని ఆ అర్ధగంటకు నేనే కాపలా. అత్తకు నేను చేసే సేవ ఇది అని మస్తు మురిసేదాన్ని.

ఒకరోజు అట్లనే కూర్చుంది. నేను లోపల జొన్నరొట్టెలు చేస్తుంటే గ్లాసు పడ్డ చప్పుడైంది. తొంగిచూస్తే తల పక్కకు వాలి ఉంది, అలిసి కునుకు తీస్తుందనుకున్న. నాయనమ్మ దగ్గరికి ఉరుకుతున్న నా కొడుకును రెక్క పట్టి గుంజి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి లోపల కూర్చోబెట్టిన. అర్ధగంట దాటింది. ఇంకొంచెం పండనీ అనుకున్న, అయ్యో, ఎంత తెలివిగలదాన్ననుకున్ననో! దీపం పెట్టే యాళ్లకు పోయి భుజం ముట్టుకుంటే, కండ్లు తెరిచే ఉన్నయి, మూతి ఒకపక్కకు పోయింది.

పక్షవాతం. ఇంకొంచెం ముందుగాల తేకపోయిన్రా అన్నరు దవాఖానల. మూడేండ్లు బతికింది గాని మాట రాలే. అన్నం తినిపిస్తుంటే నన్నే చూసేది. ఆ గ్లాసు చెయ్యి జారి పడ్డదా, నన్ను పిలుద్దామని పడేసినవా అని అడగాలని రోజు అనుకునేదాన్ని. అడగలే. తలూపుతదేమోనని భయం.

అప్పుడు ఇంటినిండ మందిల ఒక్క మనిషి ఒక్క అర్ధగంట సప్పుడు లేకుండ ఉండేది, ఇప్పుడు తలా ఒక ఫోను పట్టుకుని ఇల్లంత పొద్దంత అట్లనే ఉంటున్నరు. నాకది పడదు. ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుచుకుంట అర్రలన్ని తిరుగుత. ఏంది నాయనమ్మా, పని లేకున్నా పిలిచి పరేషాన్ చేస్తవని మనవరాలు కసురుతది. కసురనీ. నోట మాటైతే వచ్చింది కద.