కవరులో మూడు నెలలు

ఒక విదేశీ యూనివర్సిటీ, మా కాలేజీ కలిసి చేస్తున్న పరిశోధన కోసం ఆత్మకూరు నుంచి రోజూ పల్లెలకు వెళ్లి ఆడవాళ్ల తలవెంట్రుకలు సేకరించేదాన్ని. మనిషి ఒత్తిడిలో ఉంటే ఒంట్లో ఊరే హార్మోను వెంట్రుకలో నిలిచిపోతుందట. కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లలో మూడు నెలల కష్టం తెలుస్తుందని అందరికీ చెప్పేదాన్ని.

దుత్తలూరు దగ్గర ఒక ఊళ్లో రమణమ్మ (పేరు మార్చాను) తల వెనక సన్నటి పాయ కత్తిరించి కవరులో పెడుతుండగా ఆమె భర్త వచ్చాడు.

"ఎవుర్ని అడిగి కత్తిరించుకున్నావే?"

జుట్టు పట్టి ఈడ్చి, తలను గడపకేసి కొట్టాడు. కడుపులో తన్నాడు. అడ్డం వెళ్లిన నన్ను తోసేస్తే కవరు జారి వాళ్ల కాళ్ల దగ్గర పడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు లాక్కున్నది ఆ కవరునే. తర్వాతే కేకలు పెట్టాను. ఇరుగుపొరుగు వచ్చి వాణ్ణి పట్టుకున్నారు.

రమణమ్మ నోట్లోని నెత్తురు ఊసి, "కవరు తొక్కేసినాడా మేడం?" అంది.

"లేదమ్మా, నా దగ్గరే ఉంది."

"పంపించు. మూడు నెల్లదీ దాంట్లో తెలస్తాదన్నావు గదా. ఎవురో ఒకరు చూస్తారు."

ఆమెను 108లో ఉదయగిరి ఆసుపత్రికి చేర్చాక కవరు పరీక్షకు పంపాను. పేరు రాయకూడదు కాబట్టి నంబరే వేశాను. ఆ రోజు దెబ్బలు మాత్రం ఆ వెంట్రుకల్లో ఉండవు. అవి నేను కత్తిరించాక పడ్డవి, నేను కత్తిరించినందుకు పడ్డవి.