దారికి అడ్డంగా పడుగు

విశాఖలో చేనేత ఎగ్జిబిషన్‌కి చీరలు తీసుకుని ఈసారి ఒక్కదాన్నే వెళ్తానన్నాను. మా ఆయన మగ్గం మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "వీధి చివర మందుల షాపుకి పోవాలన్నా తోడు కావాలి నీకు. విశాఖ వెళ్తావా?" అన్నాడు. ఒళ్ళు మండింది. మండిందే గానీ అందులో అబద్ధం ఏముంది? పెళ్ళికి ముందు అమ్మ వెనక, తర్వాత అత్తగారి వెనక, ఇప్పుడు ఈయన వెనక. పుట్టిందీ మంగళగిరే, మెట్టిందీ మంగళగిరే, అయినా కళ్ళెదురుగా ఉన్న కొండ మీదికి ఏనాడూ ఒంటరిగా పోలేదు.

సరే, నాకు నేనే ఓ పరీక్ష పెట్టుకున్నాను. కొండ పక్కన చెట్ల మధ్య కాలిబాట ఒకటి వేశారు. చిన్నపిల్లలు కూడా నడిచేంత తేలిక. దాని పైకొస దాకా ఒక్కదాన్నే వెళ్ళొస్తే విశాఖ వెళ్తాను. సగంలో తిరిగొస్తే ఇక జన్మలో ఆ ఊసెత్తను.

పొద్దున్నే వెళ్ళాను. ఇవాళ మొదట వచ్చింది మీరేనమ్మా అన్నాడు గేటు దగ్గరాయన. రెండు పక్కలా తంగేడు విరగబూసి ఉంది. పిట్టల గోల. చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు గానీ, భయం మాత్రం వదల్లేదు. ఆకు కదిలితే పాము, కొమ్మ కదిలితే దొంగ.

ఇంతలో మొహానికి ఏదో జిగటగా తగిలింది. సాలెగూడు. తుడుచుకుని నాలుగడుగులు వేశానో లేదో, ఇంకోటి. విసుక్కుంటూ తలెత్తేసరికి ఎదురుగా మూడోది. రెండు పొదల మధ్య, దారికి అడ్డంగా, మంచు పట్టి నిండుగా ఉంది. నా కాలు టక్కున ఆగిపోయింది.

మా వీధిలో తెల్లారకముందే పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, వీధి పొడవునా బారుగా సాగదీసి గంజి పెడతాం. ఆ పడుగుని ఎవరూ దాటరు, ఎవరూ తాకరు. పాలబ్బాయి కూడా సైకిల్ తిప్పుకుని పక్క సందులోంచి పోతాడు. ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి అది, ఎక్కడికి పోతుంది?

నిలబడి చూశాను. అబ్బ, ఏం పనితనం. ఒక్క పోగు వదులు లేదు, ఒక్క పోగు బిగుతు లేదు. మేం ఒక పడుగు సాగదీయాలంటే ఇంటిల్లిపాదీ కదలాలి, చాలకపోతే పక్కింటివాళ్ళని కేకెయ్యాలి. ఈ గోరంత సాలీడు ఎవర్నీ పిలవలేదు. దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

అప్పుడు తట్టింది నాకు. పొలాలకీ తోటలకీ ఎన్నిసార్లు పోలేదు? ఏనాడైనా మొహానికి సాలెగూడు తగిలిందా? ఎందుకు తగుల్తుంది, ముందు నడిచేవాళ్ళు తుడుచుకుంటూ పోయాక వెనకాల నాకు మిగిలేది శుభ్రమైన దారే కదా. ఇవాళే మొదటిసారి నా ముందు ఎవరూ లేరు.

కానీ పోవడం ఎలా? ఓ పక్క ముళ్ళకంప, ఇంకో పక్క పల్లం. చేత్తో తెంపడానికి మనసొప్పదు. ఇంటికెళ్ళి పడుగు అడ్డమొచ్చిందని చెబితే మా ఇంట్లో ఎవరూ తప్పు కూడా పట్టరు. ఆ సాకు చాలా ముద్దొచ్చింది, నిజం చెప్పొద్దూ.

చీర కుచ్చిళ్ళు దోపాను. కొంగు నడుముకి బిగించాను. ఈ వయసులో, ఈ ఒంటితో, మోకాళ్ళ మీద పాక్కుంటూ దాని కిందనుంచి దూరాను. అవతల లేచి మట్టి దులుపుకుని వెనక్కి చూస్తే ఒక్క పోగు తెగలేదు. సాలీడు మధ్యలో దర్జాగా కూర్చునే ఉంది.

పైకొస చేరేసరికి గాలి చల్లగా తగిలింది. కింద మా ఊరు, దూరంగా కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు, వాటి అవతల ఎక్కడిదాకానో చదునుగా నేల. మన నేల ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు. చూసి చూసి ఇంటికి ఫోన్ చేశాను.

"కొండ మీదున్నాను," అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. "ఎవరితో?" అన్నాడాయన.

"విశాఖకి టికెట్టు ఒకటే తీయండి," అన్నాను.